లేచి వెళ్ళిపోగలిగిన చోట

ముందుగా నా కంట పడింది బట్టల క్లిప్పు. దండెం మీద ఆరేసిన చీర గాలికి ఎగిరిపోకుండా పెట్టుకుంటాం చూడండి, అదే ప్లాస్టిక్ క్లిప్పు. ఫిడేలు వాయించే ఒక అమ్మాయి తన ముందున్న స్టాండుకి అటొకటి నీలంది, ఇటొకటి ఎర్రది పెట్టుకుంది, నొటేషన్ కాగితాలు లేచిపోకుండా. వాయిస్తూ వాయిస్తూ పేజీ చివరికి వచ్చేసరికి పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన తన కమాను, అంటే ఫిడేలు వాయించే కర్ర, ఒళ్ళో పెట్టుకుని, గబగబా క్లిప్పు తీసి, పేజీ తిప్పి, మళ్ళీ క్లిప్పు పెట్టి, కదులుతున్న బస్సు ఎక్కినట్టు పాటలోకి ఎక్కేశాడు. ఆ అమ్మాయి ఒక్క స్వరం కూడా వదల్లేదు. ఇద్దరికీ కలిపి ఒకే స్టాండు. ఒకరు ఆగి పేజీ తిప్పాలి, రెండోవారు ఆగకుండా వాయించాలి. అది వాళ్ళ పద్ధతి అట. ఈ సంగతి నాకు నలభై నాలుగేళ్ళ వయసులో, జనవరి నెల ఒక ఆదివారం సాయంత్రం, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పచ్చిక మీద పాశ్చాత్య సంగీతం వాయించే ఆర్కెస్ట్రా ముందు కూర్చుంటే తెలిసింది.

టికెట్ లేదు. పాస్ లేదు. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసుకునేవాళ్ళు లేరు. నలభై మంది దాకా వాయించేవాళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక పళ్ళ డాక్టరు, బడుల్లో సంగీతం చెప్పే టీచర్లు, కాలేజీ పిల్లలు. వారమంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని, సెలవు రోజు కలిసి సాధన చేసేవాళ్ళు. వినడానికి వచ్చినవాళ్ళలో సగం మంది దాని కోసం వచ్చినవాళ్ళు కారు. పార్కులో నడవడానికి వచ్చినవాళ్ళు, మ్యూజియం చూసి బయటికొచ్చినవాళ్ళు, పిల్లల్ని ఆడించుకుంటున్నవాళ్ళు. నేను మా అమ్మనీ, మా ఆయననీ, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో వెళ్ళాను.

ఆ సాయంత్రం చూశాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తోంది. మనకు అలవాటు లేని సంగీతం మొదటిసారి వినాల్సింది ఇలాంటి చోటే. ఆరుబయట, డబ్బు కట్టకుండా, నచ్చకపోతే ఎవరికీ ఇబ్బంది కలగకుండా లేచి వెళ్ళిపోగలిగిన చోట. వెళ్ళిపోయే వీలు ఉందని తెలిస్తేనే కొత్తవాళ్ళు కూర్చుంటారు. మా ఇంట్లో ముగ్గురు అలా కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

బయల్దేరే ముందు అమ్మ అడిగింది, "ఆర్కెస్ట్రా అంటన్నావు, ఎవరి పాటలు పాడతారేటి?" అని. అమ్మ అడగడంలో తప్పేమీ లేదు. మన వాడుకలో ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిరి, స్టేజీ, కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు, పాత సినిమా పాటలు. నేను పెరిగింది ఆ ఆర్కెస్ట్రాల మధ్యే, వాటి మీద నాకు ఎంతో ప్రేమ. కానీ ఒకటి గమనించండి. అదే పాత సినిమా పాటల వెనక మద్రాసు స్టూడియోల్లో పెద్ద ఫిడేళ్ళ బృందం కూర్చుని వాయించేది. పల్లవికీ చరణానికీ మధ్య ఆ ఫిడేళ్ళు ఒక్కసారిగా లేస్తుంటే ఒళ్ళు పులకరించని తెలుగువాళ్ళు ఉన్నారా? మన చెవులకు ఆ ధ్వని యాభై ఏళ్ళ పాతది. కళ్ళకే కొత్త. 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన సంగీతం, వినిపించినప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ పొంగిపోయాయి. ఆ గ్రూపుల్లో ఒక్కరైనా అలాంటి బృందం ఎదురుగా కూర్చుని విన్నారా అని నేను అడిగితే, ఒక్కరూ లేరు. నేనూ లేను.

లేకపోవడానికి కారణం నాకు తెలుసు. మూడేళ్ళ కిందట ఒక ఆడిటోరియంలో ఇలాంటిదే ఒక కచేరీకి మావాళ్ళు ఎవరో పాసులు ఇచ్చారు. అదీ ఉచితమే. సాయంత్రం ఆరింటికి అన్నారు. ముందు మూడు వరుసలు సోఫాలు, వాటికి తెల్ల గుడ్డలు, వాటి మీద ఎవరూ లేరు. ఆ సోఫాల్లో కూర్చునేవాళ్ళు వచ్చేదాకా మొదలుపెట్టలేదు. వచ్చాక ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. మొదటి కమాను తీగ మీద పడేసరికి ఏడున్నర దాటింది. అప్పుడు మా చిన్నదానికి నాలుగేళ్ళు. పాపం అంతసేపు ఓపిక పట్టింది. తీరా సంగీతం మొదలయ్యాక, నడుమ ఒకచోట అందరూ ఆగిన క్షణంలో, ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టి "అమ్మా, అయిపోయిందా?" అంది. చుట్టూ పది తలలు ఇటు తిరిగాయి. తలుపు దగ్గరి మనిషి వచ్చి, పాపను బయటికి తీసుకెళ్ళమని మర్యాదగానే చెప్పాడు. మిగతా కచేరీ నేనూ చిన్నదీ వరండాలో, మూసిన తలుపు ఇవతల విన్నాం. ఇంటికొచ్చే దారిలో అది నన్ను అడిగింది, "నేనేం తప్పు చేశానమ్మా?" అని. దానికి నేను ఆ రోజు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ తృప్తిగా లేదు.

ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఆగినప్పుడు చప్పట్లు కొట్టకూడదన్న పద్ధతి ఉందని ఆ తర్వాత తెలుసుకున్నాను. పద్ధతిని నేను తప్పుపట్టను. మన కచేరీల్లో ఎక్కడ తల ఊపాలో, ఎక్కడ తాళం వెయ్యాలో మనకు ఎవరు నేర్పారు? వింటూ వింటూ వచ్చింది. మరి వినే చోటే లేకపోతే పద్ధతి ఎలా వస్తుంది?

పబ్లిక్ గార్డెన్స్‌లో పాప మూడుసార్లు తప్పుచోట చప్పట్లు కొట్టింది. ఇంకో యాభై మంది కూడా కొట్టారు. నాలుగోసారి తనే ఆగింది. ముందు నిలబడి చేతులతో బృందాన్ని నడిపించే కండక్టర్ చేతులు ఇంకా కిందికి దిగలేదని కనిపెట్టేసింది! "అమ్మా, ఆయన చేతులు దించితేనే అయిపోయినట్టు" అని నా చెవిలో చెప్పింది. ఇంకొకటి కూడా తనే చూసింది. "అందరి కర్రలూ ఒకేసారి పైకి వెళ్తున్నాయి, ఒకేసారి కిందికొస్తున్నాయి, ఎలా?" అంది. నాకూ తెలియదు. విరామంలో క్లిప్పుల అమ్మాయినే వెళ్ళి అడిగాం. ఆ అమ్మాయి కాగితం చూపించింది. స్వరాల పైన పెన్సిల్‌తో చిన్న చిన్న గుర్తులు. ఒక గుర్తు ఉంటే కమాను కిందికి లాగాలి, ఇంకోటి ఉంటే పైకి తొయ్యాలి. ముందు వరుసలో కూర్చునే ఫిడేళ్ళ నాయకుడు అవి నిర్ణయిస్తే, మిగతావాళ్ళంతా తమ కాగితాల మీద రాసుకుంటారట. పాప ఆ పెన్సిల్ గుర్తుల మీద వేలు పెట్టి చూసింది. ఆడిటోరియంలో అయితే స్టేజీకీ మాకూ మధ్య ఆ మూడు వరుసల సోఫాలు ఉండేవి.

ఇక అమ్మ సంగతి. అమ్మది విజయనగరం. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పి, 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ. ఘంటసాల, సుశీల చదువుకున్న కాలేజీ. అమ్మ అందులో చదవలేదు. ఆడపిల్లకి బడే ఎక్కువనుకునే ఇల్లు. కానీ ఆ వీధి మీదుగా నడిచి వెళ్ళేటప్పుడు కిటికీల్లోంచి వినిపించే ఫిడేళ్ళు అమ్మకు బాగా గుర్తు. చిన్నప్పటి నుంచీ మాకు చెప్తూనే ఉంది. గోడ పక్కన నిలబడి వినేదట, ఎవరైనా చూస్తే నడిచిపోయేదట.

పబ్లిక్ గార్డెన్స్‌లో అమ్మ తన ప్లాస్టిక్ కుర్చీ అన్నిటికన్నా వెనక, నడిచే దారి పక్కన వేయించుకుంది. మోకాళ్ళ నొప్పి. "నాకు బాగోకపోతే ఆ మ్యూజియం దగ్గర బెంచీ మీద కూకుంటాను, మీరు వినండి" అంది. మొదలైన కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీ ముందుకొచ్చి ఉంది. ఎవరో కాలేజీ కుర్రాడు సాయం పట్టాడట. ఇంకో పావుగంటకి మళ్ళీ ముందుకి. కుర్చీ కాళ్ళు పచ్చికలో దిగబడిన గుర్తులు వరసగా కనిపిస్తున్నాయి. చివరికి మా చాప పక్కకి వచ్చేసి, మొదటి మాటగా నన్ను అడిగింది, "ఏటే, ఫిడేలు అలా బుజాన ఎట్టుకున్నారేటి?"

అమ్మ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మనవాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల భాగాన్ని కుడి కాలి మడమ దగ్గర ఆనించి, రెండో చివరను ఎడమ భుజానికీ రొమ్ముకీ తగిలేలా పెట్టుకుంటారు. అలా పెడితే ఎడమ చేతికి ఫిడేలు బరువు ఉండదు. చెయ్యి తీగ మీద పై నుంచి కిందిదాకా జారుతుంది. జారితేనే గమకం, అంటే స్వరాన్ని ఊపడం. వాళ్ళేమో గడ్డంతో నొక్కిపట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుని వాయిస్తారు. వాళ్ళ సంగీతానికి స్వరం స్వరంగా నిలబడాలి, మన సంగీతానికి స్వరం ఊగాలి. అదే కర్ర, అవే నాలుగు తీగలు. ఈ వాయిద్యాన్ని మన కచేరీలోకి తెచ్చిన తొలి వ్యక్తుల్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒకరు. మద్రాసులో కంపెనీ వాళ్ళ రోజుల్లో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ కంపెనీ బ్యాండు వాయించే పాటలు విని, ఆ బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతంలో దేవతల మీద సాహిత్యం రాశారు. అవే నొట్టుస్వరాలు. బ్రిటిష్ వాళ్ళ జాతీయ గీతం బాణీకి కూడా ఒకటి ఉంది. అన్నీ శంకరాభరణ రాగంలోనే, ఎందుకంటే వాళ్ళ మేజర్ స్కేలు అనే స్వరాల వరసా మన శంకరాభరణమూ ఒకే స్వరాల మెట్ల మీద నడుస్తాయి.

రెండో సగంలో ఈ బృందం ఒక నొట్టుస్వరం వాయించింది. ఫిడేళ్ళు, ఫ్లూట్లు, వెనక నుంచి పెద్ద ఫిడేలు లాంటి చెల్లో లోతైన నాదం. రెండో వరస కూడా పూర్తి కాలేదు, అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది మన శంకరాభరణమే కదే!" అంది. ఆపై చెయ్యి వదలకుండానే, పెదవులు మాత్రం కదుపుతూ, స్వరాలు లోపల పాడుకుంది. డెబ్బై మూడేళ్ళ మనిషి. గోడ పక్కన నిలబడి విన్నవి అరవై ఏళ్ళ తర్వాత కూడా ఉన్నాయి ఆవిడలో. ఈసారి ఎవరో చూస్తారని నడిచిపోనక్కర్లేదు.

ఇంతకుముందు సూర్యుడు దిగే వేళకు ఒకటి జరిగింది, అది చెప్పకుండా ఉండలేను. పబ్లిక్ గార్డెన్స్ లోపలే షాహీ మసీదు ఉంది. ఆరు దాటుతుండగా కండక్టర్ చేతులు దించి, కమాన్లన్నీ ఒళ్ళోకి దిగాయి. నాకు అర్థం కాలేదు. అప్పుడు అజాన్ మొదలైంది. వాయించేవాళ్ళు అలాగే కూర్చున్నారు, వినేవాళ్ళమూ కూర్చున్నాం. చెట్ల మీద గోరింకలు గోలగోలగా ఉన్నాయి. మా పక్కన కూర్చున్న కుటుంబంలో ఇద్దరు మగవాళ్ళు లేచి నమాజుకు వెళ్ళారు, ఆడవాళ్ళూ పిల్లలూ ఉండిపోయారు, కాసేపటికి వాళ్ళు తిరిగొచ్చి చాప మీద తమ చోటులో కూర్చున్నారు. ఆ వేళ తెలుసుకుని అక్కడ విరామం వచ్చేలా ముందే అమర్చుకున్నారని తర్వాత తెలిసింది. ఈ తోటను పాత హైదరాబాదీలు బాగే ఆమ్ అంటారు. ఆమ్ అంటే అందరిదీ, మామూలు జనానిది. నిజాముల కాలం నుంచి ఉన్న పేరు. ఆ పేరుకు తగ్గ సాయంత్రాన్ని నేను ఆ రోజు చూశాను.

విరామం తర్వాత మళ్ళీ శ్రుతి చేసుకున్నారు. మొదలు పెట్టేముందు ఒకసారి చేసుకున్నారు కదా, మళ్ళీ ఎందుకని మా ఆయన అడిగారు. చలి. ఎండ తగ్గి గాలి చల్లబడితే ఊదే వాయిద్యాల శ్రుతి కిందికి జారుతుంది, తీగలు బిగిసి ఫిడేళ్ళ శ్రుతి పైకి పోతుంది. ఒకటి అటు, ఇంకొకటి ఇటు. అందుకని ఓబో వాయించేవాడు ఒక స్వరం పట్టి నిలబెడతాడు, సెకనుకు 440 కంపనాలు, అందరూ దానికి సరిచేసుకుంటారు. ఓబో అంటే ఏమిటో తెలుసా, మన సన్నాయికి చుట్టమే. సన్నాయికున్నట్టే దాని కొసకూ రెల్లుతో చేసిన జంట పీక ఉంటుంది. పెళ్ళి పందిట్లో మన చెవిలో పడే ఆ జివ్వుమనే గుణం దానిలోనూ ఉంది కాబట్టే నలభై మందికీ స్పష్టంగా వినిపిస్తుంది. మనకైతే పాడేవాళ్ళ గొంతును బట్టి శ్రుతి మారుతుంది, ఒకరిది ఒకటిన్నర, ఇంకొకరిది అయిదు. నలభై మంది కలిసి వాయించాలంటే ఎవరి గొంతుకీ చెందని శ్రుతి ఒకటి కావాలి. అమ్మకు ఈ మాట చాలా నచ్చింది.

ఇక్కడ నాతో వాదించినవాళ్ళ మాటలకు వస్తాను. మొదటిది: "ఉచితంగా ఇస్తే విలువ ఉండదు." ఈ మాట మన దగ్గర ఎంత తేలిగ్గా వస్తుందో! విజయనగరంలో అమ్మ విన్న హరికథలకు టికెట్ ఎవరు కొన్నారు? శ్రీరామనవమి పందిట్లో తొమ్మిది రోజులు కచేరీలు, హరికథలు, బుర్రకథలు, తెల్లవార్లూ నాటకాలు. పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయి, యుద్ధం ఘట్టం రాగానే లేచేవాళ్ళు. దాన్ని ఎవరైనా విలువ లేనిదన్నారా? నిజానికి అది ఉచితం కాదు. ఊరంతా చందా వేసుకుంది. ఉన్నవాడు వంద ఇచ్చాడు, లేనివాడు కొబ్బరికాయ ఇచ్చాడు, ఏమీ లేనివాడు పందిరి గుంజలు పాతాడు. పందిరి దగ్గర మాత్రం ఎవరినీ ఎంత ఇచ్చావని అడగలేదు. ఖర్చు ముందే పంచుకుని, వాకిలి దగ్గర చెయ్యి చాపకపోవడం మనకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. ఇప్పుడు ఆ చందా మనం ఆస్తి పన్ను రూపంలో కడుతూనే ఉన్నాం. దానిలోంచి ఒక సాయంత్రానికి చాపలు, కుర్చీలు, మైకు అడగడం ముష్టి ఎలా అవుతుంది?

రెండోది: "ఆ సంగీతానికి నిశ్శబ్దం కావాలి, పార్కులో పాడైపోతుంది." ఇందులో నిజం ఉంది, నేను ఒప్పుకుంటాను. ఆ రోజు ఒక నెమ్మదైన భాగం సగం పోయింది. ఫిడేళ్ళు గుసగుసలాడుతున్నంత సన్నగా వాయిస్తుండగా, అసెంబ్లీ వైపు రోడ్డు మీద ఒక బస్సు హారన్ పట్టుకుని వదల్లేదు. వాయించేవాళ్ళ మొహాల్లో బాధ కనిపించింది. గోడలు లేనిచోట ధ్వని వెనక్కి తిరిగి రాదు. దూరం రెట్టింపయ్యేసరికి ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. ట్రంపెట్ దాన్ని తట్టుకుంటుంది, ఫిడేలు తట్టుకోలేదు. ఆరుబయట ఎప్పుడూ పోలీసు బ్యాండ్లు, మిలిటరీ బ్యాండ్లే వినిపించడానికి అదీ ఒక కారణం. మా పెద్దవాడు నాకు ఈ లెక్క చెప్పాడు. వాడికి పదమూడేళ్ళు. వచ్చేటప్పుడు మొహం ముడుచుకుని, ఫోన్ లోంచి తల ఎత్తకుండా వచ్చాడు. అరగంటకి లేచి మైకు సెట్టు దగ్గరికి పోయాడు. ఆ సౌండ్ అన్నయ్య పక్కన నిలబడి, ఏ మీట ఏ వాయిద్యానిదో అడుగుతూ, కచేరీ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మళ్ళీ ఫోన్ బయటికి తీయడం నేను చూడలేదు. వాడు కుర్చీలో కదలకుండా కూర్చుని వినలేదు. అయినా అందరికన్నా ఎక్కువ విన్నది వాడేనని నా నమ్మకం. హాలులో వాడికి ఆ వీలు ఎక్కడ?

హాళ్ళు వద్దని నేను అనడం లేదు. సన్నటి, లోతైన సంగీతానికి గోడలు కావాలి, రవీంద్రభారతి లాంటివి ఉండాలి, ఇంకా మంచివి రావాలి. కానీ ఆ సంగీతంలో కొంత భాగం పుట్టింది కూడా ఆరుబయటే. 1717 జూలై 17న హాండెల్ అనే స్వరకర్త తన సంగీతాన్ని లండన్‌లో థేమ్స్ నది మీద పడవలో వాయించేవాళ్ళను కూర్చోబెట్టి వినిపించాడు. రాజుగారు ఇంకో పడవలో విన్నారు. మిగతా నది నిండా ఊరి జనం పడవలు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా 1965 నుంచి ఊరి పార్కుల్లో ఉచితంగా వాయిస్తోంది. వియన్నా ఫిల్‌హార్మోనిక్ 2004 నుంచి షోన్‌బ్రున్ కోట తోటలో వేసవి రాత్రి ఒకటి వాయిస్తుంది, ఎవరైనా వెళ్ళొచ్చు. ప్రపంచంలోకెల్లా గొప్ప బృందాలు, వాటికి పార్కు చిన్నతనం కాలేదు. ఆరుబయటికి తగ్గ పాటలు ఎంచుకుంటే సరిపోతుంది. నెమ్మదైన ఆ భాగం బదులు ఇంకో నొట్టుస్వరం వాయించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

అయితే ఆరుబయట పెట్టినంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. 2013 సెప్టెంబరులో కండక్టర్ జుబిన్ మెహతా శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో జర్మనీ నుంచి వచ్చిన బృందంతో కచేరీ చేశారు. ఎంత అందమైన తోట! కానీ ఆహ్వానం ఉన్నవాళ్ళకే ప్రవేశం. తోటకు గోడ కట్టినట్టే అది. మన దగ్గర ఆ గోడ పేరు సోఫా. సోఫా వేశారంటే దానిలో కూర్చునేవాళ్ళ కోసం ఆగాలి, ఆగితే ప్రసంగం, ప్రసంగం అయితే శాలువా. పబ్లిక్ గార్డెన్స్‌లో ఆ రోజు సోఫా లేదు. అయిదింటికి అన్నారు, అయిదూ అయిదుకి మొదలైంది. నేను ఆ సాయంత్రాన్ని ఇంతగా మెచ్చుకోవడానికి ఆ అయిదు నిమిషాలు కూడా కారణం.

లోపాలు లేవా? ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది మరుగుదొడ్డి. అమ్మ ఆ రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగలేదు. నేను గమనించి అడిగితే, "అక్కడ ఉంటాదో ఉండదో" అంది. మన ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళు బయటికి వెళ్ళాలంటే ముందు లెక్క అదే. ఏ కచేరీ, ఏ పార్కు, ఏ ఎగ్జిబిషన్ అయినా సరే. అక్కడ ఉన్నది దూరం, దారిలో వెలుతురు సరిగా లేదు, మోకాళ్ళ మనిషి నడవలేదు. ఒక సాయంత్రానికి నాలుగు తాత్కాలిక మరుగుదొడ్లు తెచ్చి పెట్టడం ఎంత పని? ఎవరినీ ఆపకుండా గేటు బార్లా తెరిచినా, ఈ ఒక్కటీ లేకపోతే సగం మంది ఆడవాళ్ళకు గేటు మూసినట్టే. సంగీతం గురించి రాస్తూ ఇది ఎందుకు అనుకోవద్దు. మా అమ్మ ఆ నొట్టుస్వరం దాహంతో విన్నది.

రెండోది, వాయించేవాళ్ళ సంగతి. వాళ్ళలో ఎక్కువమంది డబ్బు తీసుకోలేదు. ఇష్టంతో వాయిస్తున్నారు, మంచిదే. కానీ వాళ్ళకు నేర్పిన టీచర్లు ఉన్నారు, ఆదివారాలు వదులుకుని బృందాన్ని తీర్చిదిద్దిన కండక్టర్ ఉన్నాడు. "ఔత్సాహికులు కదా, వాళ్ళకెందుకు" అనడం నాకు నచ్చదు. కచేరీ అయ్యాక నిలువెత్తు ఫిడేలు లాంటి డబుల్ బేస్‌ని ఇద్దరు కుర్రాళ్ళు దుప్పటి చుట్టి, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి, గతుకులకు దెబ్బ తగలకుండా దాని పక్కనే కూర్చుని వెళ్ళారు. ఆ ఆటో కిరాయి ఎవరి జేబులోంచి పోయిందో నేను ఊహించగలను. వినేవాళ్ళకు ఉచితం కావాలి. వాయించేవాళ్ళ మీద ఆ బరువు పడకూడదు.

చెయ్యగలమా అంటే, చేసి చూశాం. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్ బండ్ మీద వాహనాలు ఆపేసి జనానికి వదిలారు. బ్యాండ్లు వాయించాయి. ఆ ఏడాది అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా అలాగే. చిన్నపిల్లల్ని భుజాన ఎక్కించుకుని జనం విరగబడి వచ్చారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్ సాయంత్రం కన్నా మంచి వాతావరణం ఎక్కడ దొరుకుతుంది? వర్షం అరుదు, కర్ర వాయిద్యాలకు ఎండ దెబ్బ ఉండదు. నెలకొకటి, ఫలానా ఆదివారం అని ఖాయంగా, ఒక నెల ఇందిరా పార్కు, ఒక నెల సంజీవయ్య పార్కు, ఒక నెల యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు. ఎక్కడికైనా బస్సులో వెళ్ళగలం. ఖాయంగా అన్న మాట ముఖ్యం. శ్రీరామనవమి ఎప్పుడో ఎవరూ పోస్టరు చూసి తెలుసుకోరు కదా.

ఏడున్నరకి ముగిసింది. కుర్చీలు మడిచేవాళ్ళు మడుస్తున్నారు. పాప పచ్చికలో ఎర్ర క్లిప్పు ఒకటి పడి ఉంటే ఏరి, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ అమ్మాయికి ఇచ్చింది. ఆ అమ్మాయి అప్పటికే ఫిడేలు పెట్టెలో పెట్టేసింది, మళ్ళీ తీసి, పాప చేతిని ఫిడేలు వెనక వైపు ఆనించి, ఒక్కసారి కమాను లాగింది. పాప గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది.

అసెంబ్లీ స్టేషన్‌లో ఎక్కాం. అమ్మకు ఎవరో సీటు ఇచ్చారు. నాంపల్లి, గాంధీ భవన్ దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. కుడి చెయ్యి మాత్రం మోకాలి మీద తాళం వేస్తోంది. ఎం.జీ.బీ.ఎస్.లో జనం దిగి కాస్త ఖాళీ అయ్యాక, సీసాలోని నీళ్ళు సగం తాగి, మూత పెట్టి, నన్ను అడిగింది.

"మళ్ళీ ఎప్పుడట?"

"చెప్పలేదమ్మా."

"అదేటే," అంది అమ్మ, నిజంగానే బాధపడుతూ. "చెప్పాల కదా మరి."